హొరేస్ పిల్లింగ్ నోరు

హొరేస్ పిల్లింగ్ మైదానంలో నోరు మూసేవాడు కాదు. అతని గురించి బ్రాక్‌షా ఊళ్ళో ఎవర్ని అడిగినా మొదట చెప్పే మాట ఇదే. చాలామంది దగ్గర రెండో మాట ఉండేది కాదు. బ్రాక్‌షా టౌన్ ఫుట్‌బాల్ జట్టుకి మిడ్‌ఫీల్డ్‌లో ఎడమవైపు తొమ్మిదేళ్ళు ఆడాడు. మూడువందల పన్నెండు మ్యాచ్‌లు, నాలుగు గోల్స్. ఆ నాలుగిట్లో ఒకటి బంతి వీపుకి తగిలి దానంతటది లోపలికి పోయింది. ఆ సమయానికి హొరేస్ వెనక్కి తిరిగి లెన్ క్లెగ్‌తో మాట్లాడుతున్నాడు.

లెన్ క్లెగ్ అంటే అతని వెనకాలే, ఎడమవైపు డిఫెన్స్‌లో ఆడే మనిషి. పొడుగాటివాడు, మాట తక్కువ, కోపం ఎక్కువ. తొమ్మిదేళ్ళపాటు ప్రతి శనివారం మధ్యాహ్నం మూడు గంటల నుంచి ఐదు గంటలకు పది నిమిషాలు తక్కువ వరకూ ఈ నోటి ధాటిని భరించినవాడు.

"లెన్! వస్తున్నాడు, ఎర్రజుట్టువాడు! గీత పక్కనే! నాలుగు గజాలు! మూడు! లోపలికి తిరుగుతాడు చూడు... తిరగలేదు, బయటికే! బయటికే లెన్! కాలు పెట్టు! శభాష్! ఇటియ్యి! అందింది! ఆర్థర్, నీ మేజోడు జారింది! రెఫరీగారూ, వానొచ్చేట్టుందండీ!"

ఇది అరనిమిషం ఆట. ఇలాంటి అరనిమిషాలు ఒక మ్యాచ్‌లో నూట ఎనభై ఉంటాయి.

ఎదుటి జట్టువాళ్ళకి మతిపోయేది. ఒకసారి ఆ ఎర్రజుట్టు కుర్రాడు బంతి వదిలేసి, నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడ్డాడు. "ఏమయ్యా, నువ్వు నన్ను ఆపడానికొచ్చావా, నా గురించి రేడియోలో చెప్పడానికొచ్చావా?" అన్నాడు.

"రెండూ చేస్తా బాబూ. లెన్, ఇతను ఆగాడు! నడుం మీద చేతులు పెట్టాడు! బంతి నీ కుడికాలి ముందుంది, తీసుకుపో!" అన్నాడు హొరేస్.

లెన్ తీసుకుపోయాడు. ఆ దాడిలో గోల్ పడింది.

ఇంకోసారి రెఫరీ విసిగిపోయి పుస్తకం తీశాడు. "పేరు?"

"పిల్లింగ్ అండి. అందులో రెండు 'ఎల్'లు. లెన్, నీ వెనకాల ఎవరూ లేరు, కాస్త ఊపిరి పీల్చుకో. అయ్యా, మీ పెన్సిలు ములుకు విరిగినట్టుంది."

నిజంగానే విరిగింది. ఇంకో పెన్సిలు దొరక్క, నేరం నమోదు కాకుండానే పోయింది.

ఒక నవంబరులో అయితే పొగమంచు ఎంత దట్టంగా దిగిందంటే, గట్టు మీద నిలబడ్డ రెండువేలమందికి మైదానం ఉందన్న నమ్మకం తప్ప మరేమీ కనపడలేదు. హొరేస్ గొంతు మాత్రం స్పష్టంగా వినపడింది. అతను "అయ్యో" అంటే జనం అయ్యో అన్నారు. అతను "శభాష్" అంటే చప్పట్లు కొట్టారు. చివర్లో ఒక పెద్దాయన తన పైపు దులుపుకుంటూ, "ఈ ఏడాదంతటిలో ఇంత బాగా చూసిన ఆట ఇదే" అని ఇంటికి వెళ్ళాడు.

అందరికీ నవ్వులాట. లెన్‌కి మాత్రం తలనొప్పి. మైదానంలో సరే, బస్సు దిగేటప్పుడు కూడా హొరేస్ పక్కన చేరి, "మెట్టు తడిగా ఉంది, చూసుకో. అందరూ చూసుకోండర్రా! మెట్టు!" అని అరిచేవాడు.

"నేనేమన్నా పసిపిల్లాణ్ణా? మెట్టు దిగడం నాకు రాదా?" అనేవాడు లెన్.

"నీకు కాదు, అందరికీ చెబుతున్నా."

"అందరికీ మెట్లు దిగడం వచ్చు!"

లెన్ కోపానికి ఇంకో కారణం కూడా ఉంది. అది అతని భార్యకి తప్ప ఎవరికీ తెలియదని అతని నమ్మకం. లెన్ ఎడమ కన్ను కనపడదు. హొరేస్ జట్టులోకి రావడానికి ఏడాది ముందు, వానకి తడిసి ఇటుకరాయిలా బరువెక్కిన తోలుబంతి అతని ముఖం మీద పడింది. వాపు వారంలో తగ్గింది. చూపు రాలేదు. వెలుతురూ నీడా తప్ప ఆ కంటికి ఇంకేమీ తెలియదు.

బయటికి చెబితే ఆట పోతుంది. ఆట పోతే మళ్ళీ బొగ్గుగని. పద్నాలుగో ఏట దిగి, ఇరవై ఒకటో ఏట బయటపడ్డ గని అది. తండ్రీ ఇద్దరన్నలూ ఇంకా అందులోనే ఉన్నారు. ఇంటికొచ్చాక వాళ్ళు దగ్గుతుంటే గోడ అవతలికి వినపడేది. అందుకే లెన్, ఏటా డాక్టరు చూపించే అక్షరాల అట్టని బట్టీపట్టాడు. ఎడమ కంటితో చదవమంటే గడగడా అప్పజెప్పేవాడు. ఒక ఏడాది డాక్టరు అట్ట తగిలించడం మర్చిపోయాడు. లెన్ అప్పుడూ అప్పజెప్పాడు. అదృష్టం కొద్దీ డాక్టరు ఆ సమయంలో చేతులు కడుక్కుంటున్నాడు.

ఒంటికంటితో ఇన్నేళ్ళు నెట్టుకొస్తున్నానంటే అదంతా తన తెలివేనని లెన్ లోలోపల పొంగిపోయేవాడు. ఆటని ముందే పసిగట్టే నేర్పు తనకి పుట్టుకతోనే వచ్చిందనుకునేవాడు. ఆ నేర్పుని ప్రశాంతంగా వాడుకోనివ్వకుండా చెవిలో జోరీగలా ఈ హొరేస్ ఒకడు!

నాలుగో ఏట ఓపిక నశించి మేనేజర్ టాటర్సాల్ దగ్గరికి వెళ్ళాడు. "బాస్, ఈ పిల్లింగ్‌ని కుడివైపుకి మార్చండి. నా బుర్ర నాకు వినపడటం లేదు."

టాటర్సాల్ మంచివాడు. మార్చాడు. ఆ శనివారం లెన్ పక్కనుంచి గీత పక్కన ఆడే ఎదుటి వింగర్ నాలుగుసార్లు సంతకి పోతున్నంత తీరుబడిగా దాటిపోయాడు. ఐదోసారి లెన్ పరుగెత్తుకెళ్ళి మూలనున్న జెండాకర్రని గుద్దుకున్నాడు. మైదానం అవతలి వైపు నుంచి హొరేస్ "లెన్, ఎడమా! ఎడమా!" అని కేకలు పెడుతూనే ఉన్నాడు కానీ, ఎదురుగాలికి అవి సగం దూరం కూడా రాలేదు. అయిదు గోల్స్ తేడాతో ఓడారు.

"బూట్లు కొత్తవి బాస్" అన్నాడు లెన్.

"సరే. పాత బూట్లు వేసుకో, పాత పిల్లింగ్‌ని కూడా వేసుకో" అన్నాడు టాటర్సాల్.

ఆ కేకలకి హొరేస్ గొంతు పూర్తిగా పోయింది. వారంపాటు మాట్లాడకూడదన్నాడు డాక్టరు. ఊరంతా పండగ చేసుకుంది. లెన్ తరవాతి శనివారం చిరునవ్వుతో మైదానంలో దిగాడు. పది నిమిషాలు కాకుండానే ఎడమ భుజం మీద టప్పుమని ఏదో పడింది. మట్టిపెళ్ళ! తిరిగి చూస్తే హొరేస్. ఇంకో పెళ్ళ. లెన్‌కి ఒళ్ళు మండిపోయి, "ఏరా, మాట పోతే మట్టి విసురుతావా!" అంటూ ఎడమవైపుకి ఉరికాడు. సరిగ్గా అప్పుడే అటునుంచి బంతితో వస్తున్న వింగర్ వచ్చి అతని ఛాతీకి గుద్దుకుని వెల్లకిలా పడ్డాడు. జనం చప్పట్లు కొట్టారు. ఆరోజు మట్టిపెళ్ళలు పందొమ్మిది పడ్డాయి. ఒక్క గోలూ పడలేదు. మర్నాడు పత్రికలో "లెన్ క్లెగ్ అద్భుతం" అని రాశారు. లెన్ ఆ ముక్క కత్తిరించి దాచుకున్నాడు.

అలా తొమ్మిదేళ్ళు గడిచాయి. చివరికి హొరేస్ మోకాలు మొండికేసింది. ఆట మానేస్తానన్నాడు. క్లబ్బు అతనికోసం ఒక వీడ్కోలు మ్యాచ్ పెట్టింది. ఆటకి ముందు హాల్లో భోజనాలు, మాంసం కూరి కాల్చిన పై రొట్టెలు, ఉడకబెట్టిన బఠాణీలు, ఆ తరవాత ప్రసంగాలు. హొరేస్ భార్య ఐవీ ఆరోజే మొట్టమొదటిసారి బ్రాక్‌షా వచ్చింది. వాళ్ళ ఇల్లు ఇరవై మైళ్ళ దూరంలో. ఆవిడకి అక్కడ ఊలుదారాల కొట్టుంది, శనివారాలు తీరేది కాదు. చిన్న మనిషి, ముఖమంతా నవ్వు. లెన్‌ని ఆవిడ పక్కన కూర్చోబెట్టారు.

లెన్‌కి ఆవిడ మీద నిజంగానే జాలి కలిగింది. "ఒక్క మాట అడుగుతాను, ఏమీ అనుకోకండి ఐవీ గారూ. ఇంట్లో ఎలా తట్టుకుంటున్నారు?"

"దేన్నండీ?"

"అదే... ఆయన మాటల్ని."

ఐవీ ఫోర్కు కింద పెట్టింది. "ఎవరి మాటల్ని?"

"హొరేస్ మాటల్ని."

ఆవిడ ముందు నవ్వింది, అతను నవ్వకపోవడం చూసి ఆపింది. "మా ఆయనా? అయ్యో బాబూ, పెళ్ళయి పదమూడేళ్ళయింది. మొన్న ఆదివారం 'ఉప్పు' అన్నాడు. దానికి ముందు ఈస్టర్ నాడు ఏదో అన్నాడు గానీ నాకు సరిగ్గా వినపడలేదు. కుర్చీలో కూర్చున్నాడంటే ఊపిరుందో లేదోనని మధ్యమధ్య వెళ్ళి చూసుకోవాలి. ఇంతకు ముందాడిన క్లబ్బులో 'బీరువా' అని పిలిచేవాళ్ళు."

లెన్ నోట్లో పై రొట్టె ముక్క అక్కడే ఆగిపోయింది. "మరి... మైదానంలో?"

"అదా! అది ఆయనకి చచ్చేంత కష్టం. శనివారం పొద్దున అద్దం ముందు నిలబడి అభ్యాసం చేసేవాడు, తెలుసా? సాయంత్రం గొంతు బొంగురుపోయి వస్తే నేను తేనె కలిపిన వేడినీళ్ళు ఇచ్చేదాన్ని." ఆవిడ గొంతు తగ్గించింది. "ఇప్పుడు ఆయన మానేస్తున్నాడు కాబట్టి చెప్పొచ్చు. ఇక్కడికొచ్చిన మొదటిరోజు భోజనాల దగ్గర ఎవరో పక్కాయన, తన ప్లేటు తనకి ఎడమవైపున చల్లారిపోతుంటే అది కనపడక, కుడివైపున్న మా ఆయన ప్లేట్లో బంగాళాదుంపలన్నీ తినేశాడట. ఆ మనిషికి ఎడమ కన్ను లేదని ఈయనకి అర్థమైంది. ఇంటికొచ్చి నన్నడిగాడు, ఏం చేస్తే బాగుంటుందని. మా నాన్నకీ మగ్గంలో దారం నడిపే నాడె ఎగిరొచ్చి తగిలి ఒక కన్ను పోయిందిలెండి. అందుకే నన్నడిగాడు."

"మీరేం చెప్పారు?" అన్నాడు లెన్.

"మా నాన్నకి పౌరుషం ఎక్కువ. 'ఇటు చూసుకో' అని అమ్మ ఒక్కమాటంటే కంచం విసిరేసేవాడు. అందుకని, 'ఆ మనిషికి ఒక్కడికే చెబితే తెలిసిపోతుంది, నొచ్చుకుంటాడు. అందరికీ చెప్పు. అన్నీ చెప్పు. వాగుడుకాయ అనుకోనీ' అన్నాను. మా ఆయన రెండురోజులు తిండి మానేశాడు, అంత మాట్లాడాలంటే భయంతో. మూడోరోజు నుంచి మొదలుపెట్టాడు." ఆవిడ లెన్ వైపు తిరిగింది. "ఆ మనిషి పేరు మాత్రం నాకు ఎప్పుడూ చెప్పలేదు. మీకు తెలిసే ఉంటుంది. బాగున్నాడా?"

లెన్‌కి గనిలో అన్నల ముఖాలు గుర్తొచ్చాయి. తొమ్మిదేళ్ళుగా తన పిల్లలు తండ్రి ముఖాన్ని మసి లేకుండా చూశారు.

"బాగున్నాడండీ. చాలా బాగున్నాడు" అన్నాడు.

ఇంతలో చెంచాతో గ్లాసు మీద కొట్టి, ఇప్పుడు హొరేస్ మాట్లాడతాడని ప్రకటించారు. జనం నిట్టూర్చి, కుర్చీల్లో సర్దుకుని, టీ మళ్ళీ పోయించుకున్నారు. హొరేస్ లేచాడు. చెవులదాకా ఎర్రబడ్డాడు. "సంతోషమండీ" అన్నాడు. కూర్చున్నాడు.

హాలంతా అది జోకనుకుని పగలబడి నవ్వింది. మిగతాది ఎప్పుడొస్తుందా అని చూసింది. రాలేదు.

అప్పుడు లెన్ క్లెగ్ లేచాడు. తొమ్మిదేళ్ళలో అతను నలుగురిలో పట్టుమని పది మాటలు మాట్లాడగా ఎవరూ వినలేదు. "నా ఎడమ కన్ను కనపడదు" అని మొదలుపెట్టాడు. అక్షరాల అట్ట, బంగాళాదుంపలు, జెండాకర్ర, మట్టిపెళ్ళలు, పత్రిక ముక్క, అన్నీ చెప్పాడు. తాను తిట్టిన తిట్లన్నీ వరసగా, ఒక్కటీ వదలకుండా చెప్పి, ఒక్కొక్కదానికీ విడివిడిగా క్షమాపణ అడిగాడు. డాక్టరు తన టీలోకి చూస్తూ కూర్చున్నాడు. ఐవీ రెండు చేతులతో నోరు మూసుకుంది. టాటర్సాల్ రుమాలు తీశాడు. హొరేస్ లెన్ కోటు అంచు పట్టుకుని లాగుతూనే ఉన్నాడు. "కూర్చోరా! ఇంక చాలు! బంగాళాదుంపలేం గొప్ప రుచిగా లేవులే!"

"నాకెందుకు చెప్పలేదురా?" అని లెన్ అతని మీదికి తిరిగాడు.

"నువ్వు వినే రకమా? నోరు తెరిస్తే చాలు, మూసుకోమనేవాడివి."

ఆ నవ్వులకి హాలు కిటికీలు అదిరాయి. మ్యాచ్ ఇరవై నిమిషాలు ఆలస్యంగా మొదలైంది. ఎదుటి జట్టు చినుకుల్లో తడుస్తూ నిలబడి, సంగతేంటో చూసి రమ్మని రెఫరీని పంపింది. హొరేస్ ఆరోజు ఆఖరిసారిగా గొంతు పోయేదాకా అరిచాడు. లెన్ ఒక్కసారి కూడా విసుక్కోలేదు సరికదా, ప్రతి కేకకీ "థాంక్స్ హొరేస్!" అని తిరిగి అరిచాడు. చివరికి రెఫరీ ఇద్దర్నీ హెచ్చరించాల్సి వచ్చింది.

లెన్ కూడా ఆ ఏడాదితో ఆట మానేశాడు. గనికి వెళ్ళాల్సిన పని పడలేదు. టాటర్సాల్ అతన్ని మైదానం చూసుకునే ఉద్యోగంలో పెట్టాడు. గడ్డి కొయ్యడానికి ఒక కన్ను చాలన్నాడు.

గురువారం గురువారం మధ్యాహ్నం లెన్ బస్సెక్కి, ఇరవై మైళ్ళూ ప్రయాణం చేసి ఊలుదారాల కొట్టుకి వెళ్ళేవాడు. వెనకగదిలో హొరేస్ ఎదురుగా కూర్చుని గడ్డి గురించీ, వాన గురించీ, కొత్త మిడ్‌ఫీల్డర్ చేతకానితనం గురించీ రెండు గంటలు ఆపకుండా మాట్లాడేవాడు. హొరేస్ వినేవాడు. ఐవీ కేకు ముక్కలు తెచ్చిపెట్టేది. బస్సువేళకి హొరేస్ గుమ్మందాకా వచ్చి, కాసేపు తటపటాయించి, "మళ్ళీ రా" అనేవాడు.

ఐవీ కొట్టులోంచి తొంగిచూసి, "చూశారా లెన్ గారూ, మీరొచ్చినప్పుడు ఎంత వాగుతాడో!" అనేది.