మఫ్రఖ్ గుర్రపుశాలలో డెక్కల బాట

దయ్యాలున్నాయని నేను ఏనాడూ నమ్మలేదు. ఎదుటివాళ్ళను నమ్మించడం మాత్రం బాగా వచ్చు. మా కూలీల క్యాంపులో ఈ సంగతి చెప్పినప్పుడల్లా తెల్లగుర్రం, దాని మీద టోపీ పెట్టుకున్న దొర కనబడ్డారనేవాణ్ణి. రెండూ కోతలే. గుర్రాన్నీ దొరనూ తీసేస్తే మిగిలేది ఇదీ.

2012 వేసవిలో అరబ్బు దేశంలో, మఫ్రఖ్ అనే ఊరి అవతల ఒక పెద్దమనిషి తోటలో గుర్రపుశాల కడుతున్నాం. ఇంగ్లండులో ఏదో జమీందారు బంగళా పక్కనున్న పాతశాలకు అచ్చు నకలు. ముందు కమాను, దాని మీద గడియారపు గోపురం. లోపల మన భవంతి ఇళ్ళలాగే నడుమ ఆరుబయట వాకిలి, చుట్టూ గుర్రాల గదులు, పైన గడ్డి అటక. గోడలు కొత్తవే. నేలకు మాత్రం అక్కడెక్కడో కూలగొట్టిన ఒక శాల ఇటుకలు ఓడలో తెప్పించారు. నంబర్లు లేవు, వరుస లేదు, కుప్పగా వచ్చాయి.

నేను ఫోర్‌మన్‌ని. మొదటి గది పరిచింది మా జగిత్యాల వైపు మేస్త్రి గంగారాం. కొత్తగా వచ్చాడు, పనిమంతుడు. ఇటుకలు డెక్కల కింద అరిగి ఒక పక్క గుంటలు పడి ఉంటే, ఏ మేస్త్రి అయినా చేసే పనే చేశాడు. గుంటలు కిందికి పోయేలా తిరగేసి, ఇసుక మీద నున్నగా పరిచాడు.

ఇంగ్లీషు ఇంజనీరుకు కావలసింది ఆ గుంటలేనట! అది మాకు తెలిసేసరికి గది పూర్తయింది. పాత ఇటుకతో ఆటలాడినవాణ్ణి ఇంటికి పంపుతానని ఆయన ముందే చెప్పి ఉన్నాడు. మర్నాడే తనిఖీ.

"అన్నా, ఇగ నా వీసా ఖలాసేనా?" అన్నాడు గంగారాం.

"నీ పనితనం పాడుగాను! గంత నున్నగ ఎవడు జెయ్యమన్నడురా?"

"గుంతలు మీదికి పెడితే నువ్వే తిడుదువు గదనే!"

నిజమే, తిట్టేవాణ్ణి.

మధ్యాహ్నం ఎండ విరామంలో అందరూ నీడపట్టున పడుకున్నారు. మేమిద్దరం ఒక్కో ఇటుకా ఊడదీసి, అదే చోట బోర్లించినదాన్ని వెల్లకిలా పెట్టసాగాం. చోట్లు మార్చే తీరిక లేదు.

సగం అయ్యాక గంగారాం చెయ్యి ఆగిపోయింది.

"అన్నా, గిటు సూడు."

గుంటకు గుంట కలుస్తోంది. మొత్తం తిప్పేసరికి గుమ్మం నుంచి మేత తొట్టి దాకా, ఒకే గుర్రం ఏళ్ళ తరబడి తొక్కినట్టు బాట తేలింది. తొట్టి ముందు, ముంగాళ్ళు ఆనేచోట రెండు లోతైన గుంటలు.

"జత జూసి పెట్టినవా రా?"

"లేదే! కుప్పల చేతికొచ్చింది పెట్టిన, అంతే."

అప్పుడే వాకిట్లో డెక్కల చప్పుడు వినబడిందని కూడా చెబుతుంటాను. అది జనరేటరు. బాటను మాత్రం కళ్ళారా చూశాను, వేళ్ళతో తడిమాను.

పొద్దున ఇంజనీరు మోకాళ్ళ మీద కూర్చుని చాలాసేపు చూశాడు. ఇంత పొందికగా ఎలా కూర్చారని సూపర్‌వైజరు చేత హిందీలో అడిగించాడు. గంగారాం నోరు తెరవకముందే, "మా ఊళ్ళో ఇదే పద్ధతి సార్" అనేశాను. ఆయన గంగారాం భుజం తట్టి, మిగతా గదులన్నీ ఇతనే పరవాలన్నాడు.

వాడి ఉద్యోగం నిలిచింది. కానీ రెండో గదిలో ఏరి ఏరి, గుంటలు పైకి పెట్టి, ఎన్ని తీర్లుగా పరిచినా రెండడుగుల బాటైనా కుదరలేదు.

"మీ ఊరి పద్ధతి ఏమైంది?" అని ఇంజనీరు మళ్ళీ అడిగించాడు.

ఇన్ని కోతలు కోసేవాణ్ణి, ఆ ప్రశ్నకు అబద్ధపు జవాబైనా తోచలేదు. ఇప్పటికీ తోచదు.