‘నిదానం’ రాసిన వకీల్ సాబ్

ఎన్నికలు దగ్గర పడ్డాయి. ఈ ఉదయం మైకు కట్టిన ఆటో ఒకటి మా వీధి మలుపులో ఆగి, వరాల జాబితా చదివి పోయింది. ఇది ఉచితం, అది ఉచితం, గెలిపిస్తే మూడు నెలల్లో ఫలానాది. ఆ బొంగురు మోతకు కిటికీ రెక్కలు అదిరాయి. ఎనభై దాటిన నా చెవులు ఇప్పుడు సగమే పనిచేస్తాయి. అయినా ఆటో వెళ్లిపోయాక ఇంకో గొంతు నాకు స్పష్టంగా వినిపించింది. “ఎవరిస్తున్నరు బిడ్డా? ఎవరి దగ్గర తీసుకొని ఇస్తున్నరు? ఇచ్చినంక దాన్ని ఎవరు సంభాళిస్తరు? గీ మూడు అడుగు, అడిగినంక సంతోషపడు.” ఆ మాటలన్న మనిషి పోయి అరవై ఏళ్లు కావస్తోంది.

ఆయన పేరు కిషన్‌రావు. కరీంనగర్‌లో అందరికీ వకీల్ సాబ్. నిజాం కాలంలో కచేరీలో ఉర్దూలో వాదించిన మనిషి. పోలీస్ యాక్షన్ అయిన కొన్నాళ్లకు వకాలత్ తగ్గించుకొని, ఇంటి ముందు గదిలో కాలితో తొక్కే ఒక ట్రెడిల్ అచ్చు మిషను పెట్టి, నాలుగు పేజీల తెలుగు వారపత్రిక మొదలుపెట్టాడు. మొదటి పేజీలో ఎడమ వైపు నిలువునా ఆయన సొంత శీర్షిక ఉండేది. దాని పేరు ‘నిదానం’. మునిసిపాలిటీ నల్లాల దగ్గర్నుంచి ఢిల్లీ ప్రణాళికల దాకా అందులో రానిది లేదు. దేని గురించి రాసినా ఆయన ధోరణి ఒకటే. పాతది ఎందుకుందో తెలుసుకోకుండా పీకవద్దు, ఊరు చేసుకోగలిగిన పని సర్కారుకు అప్పజెప్పవద్దు, కొత్తది కట్టేముందు ఉన్నదాన్ని బాగుచేయండి. దేశమంతా కొత్త మాటలతో ఉరకలు వేస్తున్న రోజులవి. కుర్రకారు ఆయన్ని తాబేలు అని పిలిచేవాళ్లు. ఆ సంగతి ఆయనకు తెలుసు.

నేను ఆయన దగ్గర చేరింది ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన మూడో ఏడో, నాలుగో ఏడో. మా బాపు కోర్టులో నకళ్లు రాసే గుమాస్తా. రాసీ రాసీ ఆయన చూపు పోయింది. మెట్రిక్ పాసైన పెద్దకూతుర్ని నేను. ప్రూఫులు దిద్దే పని ఖాళీగా ఉందని విని, అవ్వను, అంటే మా అమ్మను, వెంటబెట్టుకొని వెళ్లాను. వకీల్ సాబ్ ఏమీ అడగకుండా దిద్దడానికి అచ్చు తీసిన ఒక గ్యాలీ కాగితం నా ముందు పెట్టాడు. దిద్ది ఇస్తే చూసి, “పదకొండు తప్పులు పట్టినవ్. పన్నెండున్నయి. రేపటి సంది రా,” అన్నాడు. నా నోరు ఊరుకోలేదు. “ఆడపిల్లలు నౌకరీలకు ఎగబడొద్దని పోయిన నెల మీరే రాసిన్రు గద?” అన్నాను. అవ్వ నా మోచెయ్యి గిల్లింది. ఆయన కోపగించలేదు. “రాసిన. ఇయ్యాల గూడ గదే అంట. గని మీ బాపుకు కండ్లు లేవు, మీ ఇంట్ల అయిదుగురున్నరు. నా రాత నిలబడాలని మీరు పస్తుండాల్నా?” అన్నాడు.

ఆ గదిలో మేం ముగ్గురం. వకీల్ సాబ్, నేను, కంపోజిటర్ ఖాజా మియా. ఖాజా మియా అక్షరాలు పేరుస్తూ పాత ముచ్చట్లు చెప్పేవాడు. హైదరాబాద్ స్టేట్ రోజుల్లో సర్కారు రైతుల దగ్గర లెవీ కింద నిర్బంధంగా ధాన్యం వసూలు చేసినప్పుడు, అది అన్యాయమని వకీల్ సాబ్ పై అధికారులకు పెద్ద అర్జీ రాశాడట. రాసిన మర్నాడే, చొప్పదండి వైపు ఉన్న తన పొలం వడ్లు అందరికన్నా ముందు బండ్ల మీద పంపించాడట. “గిదేంది సాబ్, మీరే కొట్లాడుతున్రు, మీరే ఇస్తున్రు అన్న. ‘చట్టం తప్పని రాస్త ఖాజా, చట్టం ఎగ్గొట్ట’ అన్నడు. జర అర్థం గాలే నాకు,” అని నవ్వేవాడు ఖాజా మియా. నాకూ అప్పట్లో అర్థం కాలేదు. ఆయనకు భూమి ఉంది కాబట్టే ఈ అభిప్రాయాలన్నీ అనుకునేదాన్ని. అందులో కొంత నిజం ఉందని ఇప్పటికీ అనుకుంటాను. రైతులంతా పొలాలు కలిపి సాగు చేయాలన్న మాట దేశంలో గట్టిగా నడిచినప్పుడు, “ఉమ్మడి ఎద్దుకు మేతేసేది ఎవరు?” అని ‘నిదానం’లో రాశాడు. దాన్ని తిడుతూ ఒక యువ ఉపాధ్యాయుడు రెండు పేజీల ఉత్తరం పంపాడు. నేను అందులోని ఘాటు మాటలు కొట్టేయబోతే ఆపాడు. “అక్షరదోషాలు దిద్దు. తిట్లు ఆయనవి, నీవి గావు,” అన్నాడు. ఉత్తరం మొత్తం అచ్చయింది.

మా ఇద్దరికీ అసలు తగాదా వచ్చింది ఆడపిల్లల హాస్టల్ దగ్గర. ఆ ఊరి పేరు రాయను. కరీంనగర్ నుంచి బస్సులో గంట ప్రయాణం. అక్కడి హైస్కూలుకు చుట్టుపక్కల పల్లెల ఆడపిల్లలు రావాలంటే ఉండే చోటు లేదు. పంచాయతీ సమితి హాస్టల్ కట్టాలని తలపెట్టింది. వకీల్ సాబ్ ‘నిదానం’లో దాన్ని వ్యతిరేకించాడు. ఉన్న బడి వరండా కప్పు పెచ్చులూడుతోంది, ముందు అది బాగుచేయండి అన్నాడు. ప్రహరీ లేని చోట, బావి లేని చోట ఆడపిల్లల్ని ఉంచితే తల్లిదండ్రులు పంపరు, కట్టిన ఇల్లు గబ్బిలాలకు పనికొస్తుంది అన్నాడు. ఆ ప్రూఫు నా చేతికి వచ్చింది. నేను చదువుకున్న తీరు నాకు గుర్తొచ్చింది. బాపుకు కరీంనగర్ బదిలీ కాకముందు, దూరపు చుట్టాల ఇంట్లో ఉండి, వాళ్ల బోళ్లు తోమి, వాళ్ల పిల్లల్ని ఎత్తుకొని బడికి వెళ్లేదాన్ని. నాతో మొదలుపెట్టిన ఇద్దరు ఆ చాకిరీ పడలేక మానేశారు. అక్షరదోషాలన్నీ దిద్ది, కాగితం అడుగున ఎర్ర సిరాతో ‘ఇది అన్యాయం’ అని రాసి ఇచ్చాను.

ఆయన కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు. “ప్రూఫ్ మీద దోషాలే రాయాలె. అభిప్రాయం వేరే కాయితం మీద రాయి,” అన్నాడు. రాశాను. మర్నాడు ఆ కాగితం సగానికి సగం కొట్టివేతలతో తిరిగొచ్చింది. “దారుణం, ఘోరం, సిగ్గుచేటు. గివన్నీ తీసేసిన. గివి లేకుంటె నీ కాడ ఏం మిగిలింది? ఆ పల్లెలల్ల పిల్లల తల్లుల్ని ఎవరినన్న అడిగినవా?” అన్నాడు. అడగలేదన్నాను. “నేను గూడ అడగలే. కూసున్న కాడ రాసిన. నువ్వు పోయి అడిగి రా.”

అవ్వతో కలిసి బస్సెక్కి వెళ్లాను. రెండు రోజులు మూడు పల్లెలు తిరిగాం. ఒక ఇంటి ముందు జొన్నలు చెరుగుతున్న తల్లి చెప్పిన మాట ఇప్పటికీ మరవలేదు. “పంపనని ఎవరన్నరు? మా పిల్ల నాకన్న తెలివిగల్లది. గని చుట్టూ గోడ ఉండాలె, బాయి లోపట ఉండాలె. రాత్రి పిల్లకు కడుపునొస్తే చూసే ఆడమనిషి ఉండాలె. గివి లేకుంటె ఎట్ల పంపుత బిడ్డా?” తిరుగు బస్సులో నాకు ఏడుపొచ్చింది. తల్లులు పంపుతారన్న నా మాట నిజమైంది. గోడ, బావి లేనిదే పంపరన్న ఆయన మాట కూడా నిజమే. వ్యాసంలో రెండూ రాశాను. ఆ వారం ‘నిదానం’ మూడో పేజీకి వెళ్లింది. దాని స్థానంలో, నా పేరుతో, నా వ్యాసం వచ్చింది. పత్రిక మొదలైన నాటి నుంచి ఆ చోటు ఇంకెవరికీ ఇవ్వలేదని ఖాజా మియా చెప్పాడు.

హాస్టల్ మంజూరైంది. గోడ, బావి తర్వాతనే గదులు కట్టారు. తెరిచిన రోజే గదులు నిండాయి. వకీల్ సాబ్ వెళ్లి వెనక వరుసలో కూర్చొని చూసి వచ్చాడు. ఆ వారం ఇలా రాశాడు: ‘హాస్టల్ నిండదని రాశాను. నిండింది. నేను పొరబడ్డాను. వరండా కప్పు సంగతి మాత్రం ఇంకా అలాగే ఉంది.’

రెండు వానాకాలాల తర్వాత ఆ కప్పు కూలింది. మధ్యాహ్నం గంట కొట్టే వేళ. ఒక పిల్లవాడి చెయ్యి విరిగింది. మిగతా వాళ్లు అదృష్టవశాత్తు బయటపడ్డారు. కబురు రాగానే నేను శీర్షిక రాసి పెట్టాను: ‘నిదానం ముందే చెప్పింది.’ ఆయన మీద గౌరవంతోనే రాశాను. ఆయన దాన్ని చూసి, నేను అంతకుముందెన్నడూ వినని గొంతుతో అన్నాడు. “పిల్లగాని చెయ్యి ఇరిగింది సుశీలా. మన మాట గెలిచిందని చెప్పుకుందామా?” శీర్షిక కొట్టేసి, పిల్లవాడు ఏ దవాఖానలో ఉన్నాడో, మిగతా తరగతులు ఎక్కడ జరుగుతున్నాయో మాత్రం వేయించాడు. మర్నాడు తాను వెళ్లి ఆ పిల్లవాణ్ణి చూసి వచ్చాడు. అక్కడేం మాట్లాడాడో మాకు చెప్పలేదు.

ఆయన మంచం పట్టింది మరో మూడేళ్లకు. ఒక సాయంత్రం ప్రూఫులు చూపించడానికి వెళ్తే, “నేను పోతె నువ్వే రాస్తవు గద. మహనీయుడు, మార్గదర్శి అని రాయకు. నా తప్పులు రాయి. తప్పులు రాస్తెనే తక్కినవి నమ్ముతరు,” అన్నాడు. ఆ నెలలోనే పోయాడు. నేను ఆయన చెప్పినట్టే రాశాను. హాస్టల్ విషయంలో ఆయన పొరబాటు గురించి రాశాను. సాగుచేసే కౌలుదార్లకు హక్కులిచ్చిన చట్టాన్ని, తానే భూమిగల మనిషి కాబట్టి సరిగ్గా చూడలేకపోయాడని రాశాను. రాజీ పడాల్సిన కొన్ని చోట్ల మొండికేశాడని కూడా రాశాను. ఖాజా మియా కళ్లు తుడుచుకుంటూ అక్షరాలు పేర్చాడు. పత్రిక చివరి సంచిక అదే.

పన్నెండో రోజు ఆ ఇంటికి వెళ్లాను. ఆయన భార్య కమలమ్మ గారు నన్ను లోపలి గదికి పిలిచారు. మెట్‌పల్లి నుంచి వచ్చిన కూతురు సరోజ పక్కన కూర్చొని ఉంది. నాకన్నా నాలుగేళ్లు పెద్ద. “మంచిగ రాసినవ్ బిడ్డా. మా సరోజతోని చదివించుకొని విన్న. కూడబలుక్కుంట చదివింది,” అన్నారు కమలమ్మ గారు. మళ్లీ తనే, “ఒకటి రాయలే నువ్వు. సరోజను నాలుగో తరగతిల మాన్పించిండు. అది ఏడ్సింది, నేను మొక్కిన, ఇనలే. నీకు తెల్వదా?” అన్నారు. సరోజ తల్లి చెయ్యి పట్టుకొని, “పోనియ్ అమ్మా,” అంది.

నాకు తెలుసు. ఖాజా మియా చెప్పగా ఎప్పుడో విన్నాను. రాస్తే ఆయన చిన్నవాడైపోతాడనిపించి వదిలేశాను. తప్పులు రాయమన్న మనిషి గురించి, అన్నిటికన్నా పెద్ద తప్పు నేనే దాచాను. ఆ రోజు వాళ్లిద్దరి ముందు తలదించుకొని కూర్చున్నాను.

తర్వాత నేను బళ్లో పంతులమ్మనయ్యాను. ఓటు వచ్చినప్పుడల్లా దాదాపు ఎప్పుడూ ఆయన అభిప్రాయాలకు ఎదురుగానే వేశాను. అయినా ఏ సంగతి మీదైనా నోరు తెరిచే ముందు, ఎదుటి పక్షం మాట వాళ్లకన్నా బాగా చెప్పగలనా అని నన్ను నేను ప్రశ్నించుకుంటాను. చెప్పలేకపోతే వెళ్లి కనుక్కుంటాను. అది ఆయన నేర్పిందే. దానితో పాటు, అచ్చులో రాయకుండా వదిలేసిన ఆ ఒక్క వాక్యాన్ని కూడా ఇన్నేళ్లూ మోశాను. ‘పోనియ్’ అన్న సరోజ కూడా పోయిన ఏడాది కన్నుమూసింది. అందుకని ఇక్కడ రాస్తున్నాను: వకీల్ సాబ్ కిషన్‌రావు, చదువుకుంటానని ఏడ్చిన తన కూతుర్ని బడి మాన్పించాడు.