నల్ల కెమెరా, తెల్ల కెమెరా, కురవి చీటీ

మా మేనమామ మహబూబాబాద్‌లో ఫోటో స్టూడియో ఎత్తేసి డ్రోన్ కొనుక్కున్నప్పుడు, ఆయన దగ్గర మిగిలిన రెండు పాత కెమెరాలు మా అక్కాచెల్లెళ్ళకు వచ్చాయి. పెళ్ళిళ్ళలో ఇప్పుడు అందరూ తమను పైనుంచే చూసుకోవాలనుకుంటున్నారనీ, కింద నిలబడి ఫోటో తీసేవాడికి ఆఖరి బంతిలో కూడా చోటు దొరకడం లేదనీ ఆయన బాధ.

రెండూ మిర్రర్‌లెస్ కెమెరాలే. అంటే వెనకటి పెద్ద కెమెరాల్లో ఉన్నట్టు వీటి లోపల అద్దం ఉండదు. మామయ్య మొదట ఆ మాట నమ్మలేదట. కొనేటప్పుడు లెన్సు ఊడదీయించి లోపలికి తొంగి చూశాడట. అద్దం లేదు. దుకాణం అతను అబద్ధం ఆడలేదని తృప్తి పడి కొన్నాడు.

ఒకటి నల్లది. ఇంకొకటి వెండి రంగుది, దాన్ని ఇంట్లో అందరం తెల్లది అనేవాళ్ళం.

తెల్లది వయసులో పెద్దది. బరువైన ఒళ్ళు, పైన చేత్తో తిప్పుకునే చక్రాలు. దానికి తొందరన్నది లేదు. మీట సగం నొక్కితే లెన్సు ముందుకు వెళ్తుంది, వెనక్కు వస్తుంది, మళ్ళీ ఒకసారి ముందుకు వెళ్ళి చూసుకుని, అప్పుడు ఒప్పుకుంటుంది. కానీ మనిషి ఒంటి రంగును అది చూసినంత మర్యాదగా ఇంకేదీ చూడదు. చామనఛాయను చామనఛాయగానే ఉంచుతుంది. ముసలివాళ్ళ ముఖంలో ముడతలను దాచదు, ఎక్కువ చేసి చూపదు.

నల్లది దానికంటే కొన్నేళ్ళు చిన్నది. ఉరికే కుక్కను ఉరుకుతుండగానే పట్టుకుంటుంది. మీట అలాగే అదిమి ఉంచితే టకటకా వరసగా తీస్తుంది. చప్పుడు చేయొద్దంటే చేయదు. అయితే దానికి మనుషుల రంగు మీద ఆసక్తి లేదు. అందరినీ కొంచెం పాలిపోయినట్టు చూపిస్తుంది.

ఇక మా ఇద్దరి సంగతి. నేను బడికి వెళ్ళలేదు. చిన్నప్పుడు ఆయాసం ఉండేదని అమ్మ నన్ను ఇంట్లోనే కూర్చోబెట్టి అక్షరాలు, లెక్కలు, పూజా నేర్పింది. మామయ్య ఆదివారాలు వచ్చి ఫోటో తీయడం నేర్పాడు. దేవుడు నన్ను కూర్చోబెట్టాడు గనుక కూర్చున్నవాళ్ళను తీయడమే నాకు వచ్చింది: ముసలివాళ్ళు, బాలింతలు, పీటల మీది పెళ్ళికూతుళ్ళు. పెళ్ళయి జనగామ వచ్చాక కూడా నాకు అలాంటి పనే దొరికింది. ఆ దేవుడికి ఎన్ని దండాలు పెట్టినా తక్కువే.

నా చెల్లెలు నడక నేర్చుకోలేదనీ, నేరుగా ఉరకడమే నేర్చుకుందనీ అమ్మ అంటుంది. ఆమె భర్త చెల్పూర్ కరెంటు ప్లాంటులో ఉద్యోగి. క్వార్టర్లలో కాపురం. కాలనీ పిల్లల ఆటలు, సైకిళ్ళు, వానలో గెంతులు, ఇవే ఆమె ఫోన్లో తీసిన ఫోటోలన్నీ.

కాబట్టి ఎవరికి ఏది ఇవ్వాలో మామయ్య బండి తాళం వెతుక్కుంటూ కూడా చెప్పగలిగేవాడు. చెప్పకుండా మమ్మల్ని అడిగాడు.

"నల్లది కొత్తది గద అక్కా, పెద్దదానివి, నువ్వు తీస్కో," అంది చెల్లెలు.

"నాకెందుకే, చిన్నదానివి, నువ్వే తీస్కో."

"అయ్యో, నేనడిగిన్నా? తెల్లది గూడ నువ్వే తీస్కో."

"గట్లయితే రెండు నువ్వే పట్కపో."

మామయ్య కాసేపు విన్నాడు. "ఇద్దరు వద్దంటున్నరు గద. పాత సామాన్లోడు వచ్చే యాళ్లయింది. ఆనికేస్త," అన్నాడు.

అప్పుడు అమ్మ వంటింట్లోంచి వచ్చి, కురవి పోదాం, స్వామి ముందర చీటీలు వేద్దాం అంది.

మా ఇంట్లో తేలని విషయాలన్నీ కురవి వీరభద్రస్వామి దగ్గరే తేలతాయి. ఇల్లు ఏ దిక్కున కట్టాలన్నది అక్కడే తేలింది. చెల్లెలి పేరు కూడా చీటీలోనే వచ్చింది. ఆ పేరు ఆమెకు ఇప్పటికీ నచ్చదు, అయినా మార్చుకోలేదు. స్వామి సన్నిధిలో వచ్చిన చీటీని మార్చకూడదన్నది అమ్మ నియమం. "ఆయన వీరభద్రుడు. మల్ల జర ఆలోచించుకుంట అంటే ఊకునే దేవుడు గాదు," అంటుంది.

దర్శనం చేసుకుని మండపంలో కూర్చున్నాం. చీటీలు మడిచి పళ్ళెంలో వేశారు. నేను కళ్ళు మూసుకుని 'స్వామీ, తెల్లది' అనుకున్నాను. చెల్లెలు 'స్వామీ, నల్లది' అనుకుందట, తర్వాత చెప్పింది. ఇద్దరం ఒకే దేవుడిని ఒకే నిమిషంలో, ఒకదానికొకటి అడ్డం రాని కోరికలు కోరాం.

నాకు నల్లది వచ్చింది. చెల్లెలికి తెల్లది వచ్చింది. ఇద్దరం కళ్ళకద్దుకుని తీసుకున్నాం.

జనగామ వచ్చాక నల్లదానితో నా మొదటి పని ఒక పెళ్ళికూతురికి నలుగు పెట్టే ఫోటోలు. రంగులను తనే సరిచూసుకునే పద్ధతిలో దాన్ని వదిలేశాను, అందరూ అలాగే వదిలేస్తారు. ఆ కెమెరా పసుపు ముఖాన్ని చూసి ఏదో జబ్బనుకున్నట్టుంది, నయం చేసేసింది. పిల్ల తల్లి ఫోటోలన్నీ ఒకసారి చూసి, మళ్ళీ మొదటినుంచి తిప్పి చూసింది.

"ఏందమ్మా గిది? పొద్దుగాల సంది గిన్నెడు పసుపు రుద్దితిమి. ఒక్క ఫోటోల గూడ లేదేంది? మావోళ్లు జూస్తే పసుపు లేకుంట పెండ్లి జేసిన్రంటరు!"

ఆ రాత్రి కూర్చుని ఒక్కో ఫోటోలో ఆ అమ్మాయికి పసుపు తిరిగి పెట్టాను. తర్వాత రంగును చేత్తో సరిచేసుకోవడం నేర్చుకున్నాను. నేర్పినందుకు ఆ తల్లికి కృతజ్ఞురాలిని.

ఆ తర్వాత కొడకండ్ల వైపు ఒక తండాకు వెళ్ళాను. అక్కడ ఒక లంబాడి అవ్వ ఇంకా పాత పద్ధతి బట్టలే కడుతుంది. అద్దాలు కుట్టిన రవిక, అద్దాలు కుట్టిన పైట, చేతుల నిండా గాజులు. కోడలు ఆమెను వేపచెట్టు నీడలో కుర్చీ వేసి కూర్చోబెట్టింది. నల్లది తన చురుకుతనమంతా చూపించి, ఆమె కళ్ళను వదిలేసి రవిక మీది అద్దాలను పట్టుకుంది. కొంచెం పక్కకు జరిగితే ఇంకో అద్దాన్ని పట్టుకుంది. అవ్వ కెమెరా వెనక బొమ్మ చూపించమంది, చూసింది.

"ఏందే బిడ్డా, నా మొకం ఇడిశిపెట్టి రైక తీస్తున్నవ్? రైకకు పెండ్లి జేస్తవా?"

కోడలు వాళ్ళ భాషలో ఏదో అంది. ఇద్దరూ చాలాసేపు నవ్వారు. నాకు అర్థం కాలేదు, అడగలేదు. ఫోకస్‌ను చేత్తో తిప్పి తీస్తే ముఖం వచ్చింది. తెల్లదైతే మూడుసార్లు ముందుకూ వెనక్కూ పోయి వచ్చినా చివరికి మనిషి దగ్గరే ఆగేదని అనుకున్నాను. అనుకున్నందుకు లెంపలు వేసుకున్నాను, ఎందుకంటే అది స్వామి నిర్ణయాన్ని తప్పు పట్టడమవుతుంది.

నేను ఎలాగో నెట్టుకొస్తున్నాను. కూర్చున్నవాళ్ళు ఎక్కడికీ పోరు. చెల్లెలి సంగతి అలా కాదు.

ఒక సాయంత్రం చెల్పూర్ నుంచి ఫోన్ చేసింది. కాలనీ పిల్లల పరుగు పందెం తీసిందట.

"పిల్లలందరు ఉరికిన్రు అక్కా. నాకు ఒక్కడు దొరకలే. అది లోపలికి బయటికి పోయొచ్చేవరకు ఆళ్లు గెలిచి నీళ్లు తాగుతున్నరు."

"ఒక్కటి గూడ రాలేదానే?"

"వచ్చింది. జెండా కట్టె మస్తు క్లియర్‌గ వచ్చింది. ఆ కట్టెది ఫ్రేమ్ కట్టిపిస్తా?"

నేను నవ్వాను. ఆమె నవ్వలేదు.

"నాకు రాదక్కా గీ పని. బీరువల పెట్టేసిన. వచ్చే నెల వాలీబాల్ పోటీలున్నయట, తియ్యమని కాలనీ ఆడోళ్లు అడిగిన్రు. రాను అని చెప్దామనుకుంటున్న."

నాకు ఆ మాట గుచ్చుకుంది. పెళ్ళయి ఆ క్వార్టర్లకు వెళ్ళాక చెల్లెలు చాన్నాళ్ళు గడప దాటలేదు. ఫోటోలు తీయడం మొదలుపెట్టాకే కాలనీలో ఏ పిల్ల ఎవరి పిల్లో తెలిసింది, నలుగురు ఆడవాళ్ళు తలుపు తట్టడం మొదలైంది. అది ఆమెకు దొరికిన మొదటి సొంత పని. ఆ వాలీబాల్ పోటీలకు రానని చెబితే ఆమె మళ్ళీ కెమెరా ముట్టదని నాకు తెలుసు. పని రాక కాదు, కెమెరా సరిపడక. కానీ ఆమె తన చేతులనే అనుమానిస్తోంది.

నల్లదాన్ని చెల్లెలికి వాడుకోవడానికి బదులిస్తానని అమ్మతో అన్నాను. నాలుగు రోజులు ఉంచుకుని తిరిగి ఇస్తుంది కదా అన్నాను.

"బదులిచ్చినా మార్చినట్టే," అంది అమ్మ. "స్వామికి నీ తెలివి తెల్వదా?"

స్వామికి తెలుసు. అందుకే మళ్ళీ ఆ మాట ఎత్తలేదు.

ఆ నెలలోనే చెల్లెలికి ఒడిబియ్యం పోయాలని అమ్మ అనుకుంది. పెళ్ళయిన ఆడబిడ్డను పుట్టింటికి పిలిచి, కొత్త చీర కట్టించి, పీట మీద కూర్చోబెట్టి, పసుపు కలిపిన బియ్యం, కుడుకలనే ఎండుకొబ్బరి చిప్పలు, ఖర్జూరాలతో ఒడి నింపి పంపడమే ఒడిబియ్యం. ముందురోజు నేను మహబూబాబాద్ వెళ్ళాను. అమ్మ బియ్యానికి పసుపు పట్టిస్తుంటే పక్కన కూర్చుని కుడుకలు తుడుస్తున్నాను. ఏం అడగాలో ఆలోచించుకుని వెళ్ళలేదు. నోటికొచ్చింది.

"అమ్మా, ఒడిల పోసిన బియ్యం మల్ల ఎవరన్న తీస్కోవచ్చా?"

"ఎట్ల తీస్కుంటరు? ఒడిల పడ్డదంత ఆడిబిడ్డదే."

"బియ్యమేనా? రైకగుడ్డ, వెండి కుంకుమ భరిణె పెడ్తరు గద, అవి గూడనా?"

"ఏది పెడితే అది. నీది నువ్వు పెట్టుకుంటే వద్దనేటందుకు ఎవరున్నరు?"

"స్వామి గూడ అనడా?"

అమ్మ చెయ్యి ఆగలేదు. "ఆడిబిడ్డ ఒడి నింపితే స్వామి ఎందుకంటడు? ఆయనకు ఇంకేం పని లేదా?" అంది.

మరునాడు ఫోటోలు తీయడం నా వంతు కాబట్టి నల్లది నా మెడలోనే ఉంది. చెల్లెలు తూర్పుముఖంగా కూర్చుంది. బొట్టు పెట్టి, కాళ్ళకు పసుపు రాసి, అమ్మ దోసిళ్ళతో మొదలుపెట్టింది. తర్వాత మేనత్త, పక్కింటివాళ్ళు పోశారు. ఆఖరున నేను వెళ్ళాను. దోసిళ్ళతో బియ్యం పోశాను. కెమెరాను మెడలోంచి తీసి కళ్ళకద్దుకుని, కొత్త రైకగుడ్డలో చుట్టి, బియ్యంలో కుడుకల పక్కన పెట్టాను.

పాటలు పాడుతున్నవాళ్ళు ఆపేశారు. మామయ్య గోడకు ఆనుకుని ఉన్నవాడు ముందుకు వంగి చూశాడు. చెల్లెలు నా ముఖం చూసింది, అమ్మ ముఖం చూసింది. ఒడి నిండా ఉంది గనుక లేవడానికి లేదు, ఒడిలో పడ్డదాన్ని వద్దనడానికి అసలే లేదు.

"అక్కా, గిదేంది?"

"ఒడిల పడ్డది. ఆడిబిడ్డదే."

అందరూ అమ్మ వైపు చూశారు. అమ్మ వంగి ఆ రైకగుడ్డ అంచు ఎత్తి చూసింది. నేను మనసులో వీరభద్రుణ్ణి తలుచుకుంటున్నాను. నువ్వు ఇచ్చింది నేను మార్చలేదు స్వామీ, నాకు నువ్వు ఇవ్వకపోతే నేను దీనికి ఏం పెట్టగలిగేదాన్ని అని.

"మూత పెట్టినవా?" అంది అమ్మ. "లోపటికి బియ్యం బోతయి."

పెట్టానన్నాను. అమ్మ ముడి వేసింది.

"మంచిగనే ఉంది," అన్నాడు మామయ్య. "గిప్పుడు ఫంక్షన్ ఫోటోలు ఎవలు తీస్తరు? డ్రోన్ తెద్దునా?"

ఇంట్లో డ్రోన్ ఎగరేస్తే ఫ్యానుకు తగులుతుందని మేనత్త అంది. అందుకని ఆ ఒడిబియ్యానికి ఫోటోలు లేవు.

ఆ బియ్యం వండుకుని చెల్లెలు మమ్మల్ని చెల్పూర్ పిలిచింది. అన్నం తిని బయలుదేరేటప్పుడు నాకు బొట్టు పెట్టి, తమలపాకులతో పాటు తెల్లదాన్ని చేతిలో పెట్టింది. ముత్తయిదువకు పెట్టిన తాంబూలాన్ని వద్దనకూడదు. నేను అనలేదు.

వాలీబాల్ పోటీలు ఆ తర్వాతి వారం జరిగాయి. రాత్రి ఆమె నా ఫోన్‌కు ఫోటోలు పంపింది. ఒక దాంట్లో బంతి గాల్లో ఆగి ఉంది, కింద ఇద్దరు అమ్మాయిల చేతులు దాని కోసం లేచి ఉన్నాయి, ఒకమ్మాయి చెప్పు కాలి నుంచి ఊడి నేలకు సగం దూరంలో ఉంది. అన్ని ముఖాలూ పాలిపోయి ఉన్నాయి. అన్ని ముఖాలూ ఉన్నాయి.

నేను మెచ్చుకునేలోపే ఫోన్ చేసింది.

"అక్కా, దీని బ్యాటరీ ఏందే, రెండు ఆటలు కాకముందే సచ్చిపోతది! ఆ సెట్టింగులేంది, ఒక్కటి గూడ దొరకదు! ఇన్నొద్దులు ఎట్ల ఏగినవే దీనితోని? ఇంకో బ్యాటరీ యాడ దొరుకుతదో మామనడుగు, జల్దీ గావాలె, ఐతారం మల్ల ఆటలున్నయి."

అడుగుతానన్నాను. ఆమె ఇంకా తిడుతూనే ఉంది. నేను ఫోన్ చెవికి ఆనించుకుని, దీపం వత్తి సరిచేస్తూ, మొత్తం విన్నాను.