తొవ్వ ఉంటదా

కరీంనగర్‌లో నేను లెక్కింపు సమస్యల మీద పరిశోధన చేస్తున్నాను. ఒక చోటికి దారి ఉందా అన్నది ఒక ప్రశ్న. అలాంటి దారులు మొత్తం ఎన్ని ఉన్నాయన్నది ఇంకో ప్రశ్న. మొదటిది కంప్యూటర్ చిటికెలో తేల్చే చోట కూడా రెండోది చాలాసార్లు దానికి లొంగదు. ఇంట్లో వాళ్లకు ఈ గొడవతో పని పడుతుందని నేనెప్పుడూ అనుకోలేదు.

మా అక్క జైనూర్ కొండల్లో నర్సు. వానాకాలం మొదట్లో ఒకరోజు ఫోన్ చేసింది. ఆమె చూసే గూడెంలో ఒకామెకు నెలలు నిండుతున్నాయి. అక్కడి నుంచి ఆసుపత్రికి బండిబాటలు, అడ్డదారులు చాలానే ఉన్నాయి, ఒకదాంట్లో ఒకటి కలుస్తూ. అన్నిటికీ వాగులు అడ్డం.

"వాన పెద్దగ పడితె ఆమెను తీస్కరానీకి తొవ్వ ఉంటదా? నీ చదువు గిదే కదా చెల్లె, జర జూసి చెప్పు."

"ఇయ్యాల ఉందా అంటె చెప్తనక్కా. రేపు ఏ వాగు పొంగుతదో తెల్వదు కదా. ఒక్కో వాగు పొంగుడు, పొంగకపోవుడు అని రెండు తీర్లు, ఇంకో వాగు కలిపినకొద్ది ఆ తీర్లు రెండింతలైతయి. ఆ తీర్లల్ల ఎన్నిట్ల తొవ్వ మిగుల్తదో జల్ది లెక్కపెట్టే ఉపాయం ఇంకా ఎవ్వలకు దొరకలే."

"అంటె తెల్వదంటవా?"

"సుమారుగ చెప్తా."

ఏ వాగు ఎంత తొందరగా పొంగుతుందో అక్కను అడిగి తెలుసుకుని, కంప్యూటర్‌లో ఉత్తుత్తి వానలు కురిపించాను. ప్రతి వానకూ కొన్ని వాగులు పొంగించి, తొవ్వ మిగిలిందో లేదో చూడటం. చాలాసార్లు మిగిలింది. అదే చెప్పాను.

 "మిగలనప్పుడు ఆమె యాడుంటది?" అంది అక్క.

మర్నాడే గూడెం వెళ్లి, ఇంట్లో వాళ్లను ఒప్పించి, ఆమెను ఆసుపత్రి దగ్గర వాళ్ల చుట్టాలింట్లో ఉంచింది. అవి పత్తిలో కలుపు తీసే రోజులు. ఇంటి దగ్గర ఆమె చిన్నపిల్ల తల్లి కోసం ఒకటే ఏడుపు. ఆమె భర్త ఒక్కటే అడిగాడట, "వాన పడకుంటె ఎట్ల సిస్టర్?" అని.

పడలేదు. ఆమె కనేదాకా తొవ్వలన్నీ పొడిగానే ఉన్నాయి. కాన్పు సుఖంగా అయింది. తల్లీబిడ్డా ఇల్లు చేరేసరికి చేనంతా కలుపు కమ్మేసింది, చిన్నపిల్ల జ్వరంతో పడుకుని ఉంది. ఆమె అత్త అక్కను లోపలికి రమ్మనలేదు. అక్క గడప బయటే బిడ్డ బరువు చూసి వచ్చేసి, నాకు ఫోన్ చేసింది.

"నేను జేసింది తప్పా చెల్లె?"

"కాదక్కా," అన్నాను. నా గొంతు నాకే నమ్మకంగా వినిపించలేదు.

అదే గూడెంలో ఇప్పుడు ఇంకో కోడలికి నెలలు నిండుతున్నాయి. ఆమెను ఎటూ పంపేది లేదని ఇంట్లో వాళ్లు ముందే చెప్పేశారు. రెండు రోజులుగా ముసురు పట్టింది. అక్క రోజూ పోయి ఆ ఇంటి ముందు కూర్చుని వస్తోంది.