టమాటల పెద్దమ్మ చార్టు

కోడింగ్ చేస్తానంటే చాలు, మా చుట్టాలంతా నన్ను సాఫ్ట్‌వేర్ ఇంజనీరును చేసి కూర్చోబెడతారు. చిల్కానగర్‌లో మేం అద్దెకుంటున్న ఇంటి ఓనరమ్మ అయితే ఓ రోజు తన ఫోను తెచ్చి నా చేతిలో పెట్టింది. "జర సూడమ్మా, ఫొటోలు పోతలేవు. నువ్వు కంప్యూటర్ల పని జేస్తవు గద" అంది. ఒళ్లు మండింది గానీ ఏమంటాను? నేను చేసేది మెడికల్ కోడింగ్. అమెరికాలో ఎవరో డాక్టరు తన దగ్గరికొచ్చిన మనిషి గురించి రాసుకున్న నోట్సు చదివి, ఆ జబ్బుకు ఏ కోడ్, ఆ వైద్యానికి ఏ కోడ్ అని తేల్చాలి. ఆ కోడ్లు చూసి అక్కడి ఇన్సూరెన్సువాళ్లు బిల్లు కడతారు. ఇదంతా గుమ్మం దగ్గర నిలబడి ఏం చెబుతాం. ఫొటోలు పంపించి ఇచ్చాను.

ఆఫీసు నాచారం పారిశ్రామికవాడలో. ఉప్పల్ చౌరస్తాలో షేర్ ఆటో ఎక్కి, ఒకళ్ల ఒళ్లో ఒకళ్లం కూర్చున్నట్టు వెళ్లి దిగేసరికి, ఏదో ఫ్యాక్టరీలోంచి వేయించిన ధనియాల వాసన వస్తుంటుంది. దాని వెనకే ఇంకెక్కడి నుంచో మందుల ఘాటు. లోపలికి వెళ్తే ఏసీ, ఎప్పుడూ మూసే ఉండే కర్టెన్లు. ఆ డాక్టర్ల నోట్సులనే మేం చార్టులంటాం, నాలుగు చదివేసరికి నాచారం ఎటో జారిపోతుంది. బయట మార్చి ఎండ మాడుస్తుంటే నా కళ్ల ముందు మంచు కురుస్తుంటుంది. ఎవరో మెట్ల మీద జారి మడమ విరగ్గొట్టుకుంటారు. ఎవరికో రాత్రంతా దగ్గు. పేర్లు మాకు కనిపించవు. వయసు, ఆడా మగా, డాక్టరు రాసిన మాటలు, అంతే. సాయంత్రం బయటికొచ్చి ఆటో కోసం నిలబడ్డా కాసేపు నేను అక్కడే ఉంటాను, ఆ మంచులో.

ఆ మంచులోనే నాకు ఒక పెద్దమ్మ దొరికింది. డెబ్బై దాటిన మనిషి. ఎప్పుడో రొమ్ము క్యాన్సర్ వచ్చింది, వైద్యమంతా అయిపోయింది, తగ్గింది. ఇప్పుడు బీపీకీ మోకాళ్లకీ కొన్ని నెలలకోసారి వాళ్ల డాక్టరు దగ్గరికి వస్తుంది. ఆ డాక్టరు మాటల పోగు. జబ్బు గురించి రెండు ముక్కలు రాస్తే, మిగతాదంతా కబుర్లే. 'ఈసారి టమాటలు విరగ్గాశాయంటోంది', 'మోకాళ్లు వంచొద్దన్నాను, తోట పని మానదట', 'నాకూ ఓ సంచి తెచ్చింది'. పేరు లేకపోతేనేం, రెండో చార్టుకే గుర్తుపట్టాను. పక్క సీటు అక్కకు చూపించాను. ఆమెది నల్గొండ వైపు, ఆఫీసులో నాకంటే ముందు నుంచీ ఉంది. చదివి నవ్వింది. "నీ టమాటల పెద్దమ్మ వచ్చిందే" అని, ఆ పేరే ఖాయం చేసింది.

ఇంతలో సాఫ్ట్‌వేర్ వచ్చింది. అమ్మేవాళ్లు రోజుకొకరు టై కట్టుకుని దిగేవారు. ఈ మార్కెట్ ఎంత పెరుగుతోందో తెర మీద ఎక్కే గీతలు చూపించి, మా టీం లీడర్ చేత కాఫీ తెప్పించుకుని తాగి పోయేవారు. ఉప్పల్‌లో కరెంటు స్తంభాలకు కట్టిన కోచింగ్ సెంటర్ల బోర్డులు కూడా మారిపోయాయి. నిన్నటిదాకా 'మెడికల్ కోడింగ్' అన్నవాటికి ముందు 'ఏఐ' అని తగిలించారు. చివరికి ఒకటి కొన్నారు. చార్టు తెరవగానే పక్కన కోడ్లు అదే పెట్టేస్తుంది. మేం చూసి సరే అనాలి, లేదా దిద్దాలి. దిద్దినదల్లా అది నేర్చుకుంటుంది.

మొదటిసారి పెద్దమ్మ చార్టు దాని చేతిలో పడిన రోజు నాకు నిజంగా తిక్క రేగింది. మా పనిలో, ఇప్పుడున్న జబ్బుకు ఒక కోడ్, తగ్గిపోయిన జబ్బుకు వేరే కోడ్. ఆమె క్యాన్సర్ గతం. మిషను మాత్రం నోట్సులో క్యాన్సర్ అన్న మాట కనబడగానే ఉన్న జబ్బు కింద పెట్టేసింది. గండం గడిచి హాయిగా టమాటలు పండించుకుంటున్న మనిషి నెత్తిన ఆ రోగాన్ని మళ్లీ ఎక్కించింది. "నీ మొహం మండా" అని తెరనే తిట్టాను. దిద్దాను. తర్వాతి చార్టులోనూ అంతే, మళ్లీ దిద్దాను. ఆ తర్వాత అదే సరిగ్గా పెట్టింది. నేర్చుకుందిలే అని సంబరపడ్డాను.

నేర్చుకున్నాక ఏమవుతుందో అప్పటికి నాకు తట్టలేదు. ఇక నుంచి మిషనుకు అనుమానం లేని చార్టులు మా దగ్గరికి రావని, నేరుగా బిల్లుకు వెళ్లిపోతాయని లీడర్ చెప్పాడు. దానికి తేలనివి మాత్రమే మాకు. పెద్దమ్మ రావడం ఆగిపోయింది.

వేసవి పోయింది, వానలు పడ్డాయి. మాకొచ్చేవన్నీ చిక్కు చార్టులే. ఎటూ తేలని గడ్డలు, పేరు పెట్టలేని జ్వరాలు. పెద్దమ్మ వాటిలో లేదు. ఒకరోజు అక్కతో అన్నాను, ఆమె కనబడక ఏదోలా ఉందని.

"రాకుంటెనే మంచిది గదనే" అంది. "మిషనుకు సమజ్ గాని కష్టమొస్తెనే మన దగ్గరికొస్తరు."

"పోయిందేమో అక్కా. పోయినా రాదుగా."

నేను లేచి లీడర్ దగ్గరికి వెళ్లాను. నాకంటే చిన్నవాడు, నెమ్మదస్థుడు. పాత చార్టు పట్టుకుని ఆ మనిషిని వెతకొచ్చా అనడిగాను.

"పని లేకుండ పేషెంట్‌ను ఎతకద్దు అక్కా" అన్నాడు. "నీ నౌకరీ పోతది, నాది గూడ పోతది."

అతనన్నది సబబే. కానీ ఆమె ఉందో లేదో, ఉంటే ఆ జబ్బు తిరగబెట్టిందో ఏమో తెలియకపోవడం నాకు ముల్లులా ఉండిపోయింది. ఆటోలో కళ్లు మూసుకుంటే తోట కనబడేది. ఒకసారి అందులో ఆమె ఉండేది, ఒకసారి ఉండేది కాదు, ఎర్రటి కాయలు నేల మీద రాలి ఉండేవి. ఉప్పల్ చౌరస్తా స్కైవాక్ వంతెన మీద నడుస్తూ ఎవరో తెల్లజుట్టు ఆవిడ మోకాలు పట్టుకుని ఆగితే, నేనూ ఆగేదాన్ని. మా ఆయనది చర్లపల్లిలో ఫ్యాక్టరీ పని. అలిసిపోయి వచ్చినా నన్ను ఆటపట్టించడం మానడు. "యాడనో ఉన్న ముసలామె కోసం గింత ఫికరా? మా అమ్మకు జరమొస్తె గిట్ల అడిగినవా ఎన్నడన్న?" అన్నాడు. అడిగాను, మందులు కూడా నేనే తెచ్చాను. ఆ మాటే అనేసి అన్నం పెట్టాను.

ఓ మధ్యాహ్నం, తిని వచ్చి కూర్చున్నాక, చార్టు తెరిస్తే మొదటి వాక్యంలోనే ఆ డాక్టరు గొంతు. 'తోట గురించి నేనడగకముందే చెప్పడం మొదలుపెట్టింది.' బతికే ఉంది. కానీ నా దాకా వచ్చింది, అంటే మిషనుకు తేలనిదేదో వచ్చిపడింది. కిందికి జరపడానికి ధైర్యం చాలలేదు. "అక్కా, నువ్వు చదువు" అన్నాను.

అక్క కుర్చీ లాక్కుని చదివింది. చదువుతూ చదువుతూ నోటికి చున్నీ అడ్డం పెట్టుకుంది. ఏడుస్తుందనుకున్నాను. నవ్వుతోంది.

"కోడి పొడిసిందంటనే."

పక్కింటివాళ్ల కోడి. టమాటలు తినడానికి దడి దూరి వస్తే పెద్దమ్మ అదిలించిందట, అది చెయ్యి పొడిచిందట. కట్టు కట్టి, ఇంజెక్షన్ ఇచ్చి పంపాడు డాక్టరు. మిషను గాయానికి కోడ్ పెట్టింది గానీ, దేని వల్ల అన్నచోట ఖాళీ వదిలి మా మీదికి తోసింది. నేను ఆ ఖాళీ సంగతి తర్వాత చూద్దామని, ముందు క్యాన్సర్ వరస చూశాను. గతం అనే ఉంది. మళ్లీ చూశాను. గతమే. ఏడుపొచ్చేసింది, అందరూ చూస్తున్నా ఆగలేదు.

కోడి పొడిస్తే పెట్టడానికి మా పుస్తకాల్లో నిజంగానే ఒక కోడ్ ఉంది. వెతికి పట్టుకున్నాను. పెట్టబోతుంటే అక్క నా చెయ్యి పట్టుకుంది.

"అది పెట్టకున్నా బిల్లు నడుస్తది. ఇడిసిపెట్టు" అంది మెల్లగా. "పెడితే మిషను నేర్సుకుంటది. మల్ల గిట్లాంటిదయితె గూడ నీ దగ్గరికి రాదామె."

ఆశ పుట్టింది, అబద్ధమెందుకు. ఇంకో కోడి, ఇంకో చిన్న గాయం, ఇంకో నాలుగు కబుర్లు. ఖాళీగా వదిలేస్తే చాలు. కానీ మనవాళ్లు దవాఖానా నుంచి బయల్దేరేటప్పుడు పోయొస్తామని అనరు. అక్కడివాళ్లూ మళ్లీ రమ్మనరు. నేను కూర్చున్నది కూడా అలాంటి చోటే కదా అనిపించింది.

"రాకు పెద్దమ్మా" అనుకుంటూ కోడ్ పెట్టి పంపించేశాను.

ఇప్పటిదాకా రాలేదు.