మెట్ల మొక్కు

మా ఆడపడుచు మీద పగ తీర్చుకోవడానికి నేను ఏడాది పైగా ఓపిక పట్టాను. అంత ఓపిక నాకుందని నాకే తెలియదు. కూరలో ఉప్పు తక్కువైందన్నా అక్కడికక్కడే జవాబు చెప్పే మనిషిని. కానీ ఇది నా కూతురి సంగతి. ఊరికే నోరు పారేసుకుని పాడుచేసుకోదలుచుకోలేదు.

కరోనా మా ఇంట్లో జొరబడినప్పుడు అందరికంటే తేలిగ్గా బయటపడింది నా కూతురే. కొద్దిపాటి జ్వరం, కాస్త దగ్గు, అంతే. అప్పటికి దానికి పదేళ్లు. రాజమండ్రిలో మా బట్టల కొట్టు మళ్లీ తెరిచాం, బడులూ తెరిచారు. అందరం మామూలు మనుషులమయ్యాం, అది తప్ప. స్నానం చేసి వచ్చి, జడ వేయించుకునేలోపే నీరసపడి గోడకు జారగిలబడేది. నిలబడితే గుండె దడదడలాడుతోందనేది, ఒళ్లంతా నొప్పులనేది. పొద్దున చదివిన పాఠం సాయంత్రానికి గుర్తుండేది కాదు. రక్తపరీక్షలన్నీ బాగానే ఉన్నాయన్నారు. ఆ మాట పట్టుకుంది మా ఆడపడుచు.

ఆవిడ మావారికి అక్క. మా వీధిలోనే ఉంటుంది. "పరీక్షల్లో ఏమీ లేదన్నారు కదమ్మా. బడి ఎగ్గొట్టడానికి నాటకాలు. నువ్వే ముద్దుచేసి చెడగొడుతున్నావు," అనేది, పిల్ల వినేలాగే.

మేం జ్వరాలతో పడి ఉన్నప్పుడు ఆవిడ అన్నవరం సత్యనారాయణ స్వామికి మొక్కింది. అందరూ గట్టెక్కితే వ్రతం చేయిస్తామని, నా కూతురు మెట్లెక్కి కొండకు వస్తుందని. మొక్కింది ఆవిడ, ఎక్కాల్సింది నా కూతురు! దానికి బాగయ్యాక ఎక్కుతుంది, ఇప్పటికి బస్సులో వెళదామన్నాను. సరేనంది. వ్రతం టిక్కెట్ల కోసం నేనూ మావారూ ముందు బస్సులో పైకి వెళ్లాం. పిల్లను తీసుకుని వెనక బస్సులో రమ్మని ఆవిడకు చెప్పాం.

ఎంతకీ రాలేదు. చివరికి మెట్ల దారిలో, ముక్కూ మొహం తెలియని ఒకాయన నా కూతుర్ని భుజాన వేసుకుని వచ్చాడు. పిల్ల పెదాలు తెల్లగా పాలిపోయాయి. వెనకాలే ఆవిడ.

"మొక్కు మొక్కే కదమ్మా. కాస్త ఎక్కితే కాళ్లు సాగుతాయని తీసుకొచ్చాను. సగంలో కూలబడింది. అంతా నాటకం."

"నిజంగానే నొప్పమ్మా, ఒట్టు," అంది నా కూతురు, నా చెవిలో. కన్నతల్లికి కూడా ప్రమాణం చేసి చెప్పుకోవాల్సిన గతి పట్టించింది దానికి. ఆ క్షణాన్నే ఆవిడ నాకు శత్రువైపోయింది.

ఆ తర్వాత నా కూతురు నెలల తరబడి మంచం దిగలేదు. కాకినాడలో పిల్లల డాక్టరుగారు దాని మాటలు మొత్తం విన్నాకే మాతో మాట్లాడారు. "కరోనా తగ్గాక కొంతమంది పిల్లలు ఇలా బాధపడుతున్నారండి. పరీక్షల్లో కనపడకపోయినా బాధ నిజమే. ఓపిక ఉన్నంతవరకే చెయ్యనివ్వండి. బలవంతం చేస్తే ఇంకా పడిపోతుంది." నేను ఇంటికొచ్చి అదంతా చెబితే మా ఆడపడుచు మూతి తిప్పుకుంది.

ఇదిగో, మొన్న కార్తీకంలో దొరికింది నాకు. కొడుక్కి సంబంధం కుదిరితే మెట్లెక్కి వస్తానని ఆవిడ మొక్కుకుంది. కుదిరింది. ఈలోగా మోకాళ్లు పట్టేశాయి. కొండ కింద అందరం, కాస్త తేరుకున్న నా కూతురితో సహా, బస్సు కోసం నిలబడ్డాం. "బస్సులోనే వెళ్లి ఒక కొబ్బరికాయ ఎక్కువ కొడతానులే," అంది.

"అదేంటండి వదినగారూ," అన్నాను, కాబోయే వియ్యాలవారికి వినపడేలా. "మొక్కు మొక్కే కదండీ. కాస్త ఎక్కితే కాళ్లు సాగుతాయండి."

కొత్త వియ్యాలవారి ఎదుట ఏం చెబుతుంది? మెట్ల వైపు నడిచింది. వాళ్లు మావారితో బస్సెక్కారు. నేను మాత్రం కదల్లేదు. ఆవిడ అవస్థ కళ్లారా చూడాలని, పిల్లతో పాటు కిందే నిలబడ్డాను. నాలుగు మెట్లెక్కి ఆవిడ మోకాలు పట్టుకుని కూర్చుండిపోయింది. నాకు కడుపు నిండినట్టయింది.

నా కూతురు నా చెయ్యి విడిపించుకుని వెళ్లి ఆవిడ పక్కన కూర్చుంది. వెనకే నేనూ వెళ్లాను.

"నొప్పిగా ఉందా అత్తా?"

"నిజంగానే నొప్పే తల్లీ. ఒట్టు."

"ఒట్టెందుకత్తా? నువ్వు చెబితే నేను నమ్ముతాను కదా."

ఆవిడ కొంగు మొహానికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. ఏడాదిగా నేను నూరి పెట్టుకున్న మాటల్లో ఒక్కటీ అంత లోతుగా దిగేది కాదు. నాకు జాలేమీ కలగలేదు. కలిగిందని అబద్ధం రాయను. కాసేపటికి తల ఎత్తి నన్నడిగింది.

"అప్పుడు దీనికీ ఇలాగే ఉండేదా అమ్మా?"

"కాదండీ," అన్నాను. "మీకు మోకాళ్లే. దానికి ఒళ్లంతా."