పంపని రిపోర్టు

ఇందుకూరుపేట దగ్గర, రొయ్యల చెరువుల నీళ్ళు పరీక్షించే ల్యాబులో పనిచేస్తాను. ఇంట్లో నేనొక్కదాన్నే. అందుకని నా కబుర్లన్నీ ల్యాబు వరండాలోని బల్ల దగ్గరే అయిపోయేవి. రైతులు పొద్దున్నే చెరువు నీళ్ళు సీసాల్లో పట్టుకొచ్చి, రిపోర్టు చేతికొచ్చేదాకా అక్కడే కూర్చునేవాళ్ళు. నా క్యారియర్ మూత తీసి మరీ కూరకి వంకలు పెట్టేవాళ్ళు.

తుపానుకి ల్యాబులోకి నీళ్ళొచ్చి కంప్యూటర్ మునిగింది. పాత రిపోర్టులన్నీ పోయాయి. ఇక అన్నీ క్లౌడ్‌లో, అంటే నెట్ ద్వారా వేరే కంపెనీ కంప్యూటర్లలో, పెట్టిద్దామన్నాడు మా ఓనరు. ఆ కంపెనీ తరఫున నెల్లూరు నుంచి వచ్చినాయన గంటసేపు చెప్పినా రైతులకి ఒక్క ముక్క ఎక్కలేదు. నేనే అందుకున్నాను.

"చెరువు లీజుకి తీసుకున్నట్టేనన్నా. ఒట్టి గుంట తీసుకొని మోటార్లు, నీళ్ళలో గాలి కలిపే ఏరియేటర్లు మనమే పెట్టుకునేది ఒక రకం. అవన్నీ వాళ్ళవే, రొయ్య పిల్ల వదిలి మేపుకునేది మనమైతే ఇంకో రకం. మేపేది కూడా వాళ్ళే, మనం గట్టు మీద నిలబడి రొయ్యల పట్టుబడి చూసుకునేది మూడో రకం. మనం తీసుకునేది మూడోది."

కంప్యూటర్ కొనే పని లేదని, తుపానొచ్చినా రిపోర్టులు పోవని, చెరువులు పెరిగితే అక్కడ చోటు పెంచుకోవచ్చని కూడా చెప్పాను. రిపోర్టు ఫోన్‌కే వస్తుంది, మీరెవరూ రానక్కర్లేదన్నది కూడా నేనే. ఎంత తెలివైనదాన్నో!

నెల తిరక్కుండా బల్ల ఖాళీ అయింది. సీసాలు వ్యాన్‌లో వస్తాయి. డ్రైవరు చెవిలో ఎప్పుడూ ఫోనే. రోజంతా నోరు విప్పే పని లేకుండా పోయింది. ఏడుపొచ్చేది.

ఒకరోజు పొద్దున ఒకాయన చెరువు నీళ్ళలో అమ్మోనియా బాగా ఎక్కువ కనిపించింది. అలాంటప్పుడు వెంటనే మేత ఆపకపోతే రొయ్యలు దక్కవు. మునుపు అందరికంటే ముందొచ్చి, అందరూ వెళ్ళాక లేచే మనిషి ఆయన. పంపే బటన్ మీద వేలు పెట్టి ఆగిపోయాను. రిపోర్టు రాకపోతే ఆయనే వెతుక్కుంటూ వస్తాడు, నోటితోనే చెప్పొచ్చు, నాలుగు మాటలు మాట్లాడుకోవచ్చు అనుకున్నాను. పదకొండు దాకా గేటు వైపు చూసి, ఇక రాడని పంపేశాను.

నీళ్ళు చెడితే వెంటనే చెప్పేస్తాం, కబురు లేదంటే బాగున్నట్టే. మా దగ్గర రైతులందరికీ ఉన్న నమ్మకం అది. నాకు ఆ పూట అది తట్టనే లేదు. రిపోర్టు అందేసరికి ఆయన రొయ్యలు పైకి తేలి, గట్టు వారన చస్తున్నాయి.

సాయంత్రం వచ్చి బల్ల మీద కూలబడ్డాడు.

"కబురు రాలేదు గదా, బాగుండాయనుకొని మేత నిండుగా ఏసినానక్కా."

"నెట్ రాలేదన్నా," అన్నాను.

"నెట్టు రాకపోతే నువ్వేం జేస్తావులే."

ఏ రిపోర్టు ఎన్నింటికి తయారైందో, ఎన్నింటికి పంపామో నిమిషాలతో సహా ఆయన ఫోన్‌లోనే ఉంది. ఎక్కడ చూడాలో ఆయనకి తెలియదు. నేను చూపించలేదు. ఆయనే నన్ను ఓదారుస్తూ చాలాసేపు మాట్లాడాడు. సిగ్గుతో తలెత్తలేకపోయాను. అయినా ఆయన లేవబోతుంటే, ఇంకాసేపు కూర్చోమన్నాను.